స్తంభం మీద తీగ, తీగ మీద బజారు

రాయపూర్‌లోని పండరీ బట్టల మార్కెట్లో కరెంటు పోతే జనరేటరు ఉంది. నెట్ పోతే దాని చోట నిలబడేది ఏదీ లేదు. బేరం కుదురుతుంది, తానులు మూటకెక్కుతాయి, బయట వ్యాను ఆగి ఉంటుంది. ఈ-వే బిల్లు రాకపోతే మాత్రం రాష్ట్రం దాటాల్సిన సరుకు అడుగు కదలదు. 2017 జూలై 1న జీఎస్టీ, 2018 ఏప్రిల్ 1న ఈ-వే బిల్లు వచ్చాక హోల్‌సేల్ వ్యాపారం మొత్తం ఒక సన్నటి గాజు తీగ మీదికి ఎక్కింది. ఆ తీగ కరెంటు స్తంభం మీద వేలాడుతూ దుకాణం మెట్ల దాకా వస్తుంది. అది తెగితే గుమాస్తా ముందు ఫోను చేసేది ఢిల్లీ టెలికాం శాఖకు కాదు, వీధి చివర ఉండే కేబుల్ కుర్రాడికి.

రాయపూర్ పేరు వినని తెలుగువాళ్లు తక్కువ. రైలు ఉద్యోగాలతో, భిలాయి ఉక్కు కర్మాగారంతో ఇటు వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు తరాలుగా ఇక్కడ ఉన్నాయి. పండరీ ఆ నగరానికి బట్టల కొట్టు. ఛత్తీస్‌గఢ్ జిల్లాల నుంచి, పక్కనున్న ఒడిశా నుంచి చిల్లర వ్యాపారులు ఇక్కడికే వస్తారు. హస్తకళల అమ్మకానికి కట్టిన ఛత్తీస్‌గఢ్ హాట్, జిల్లా ఆసుపత్రి కూడా ఈ పేటలోనే ఉన్నాయి. పాత బస్టాండు 2021లో భాటాగావ్‌కు తరలిపోయింది, బజారు మాత్రం కదల్లేదు. ఈ ఒక్క పేటను ముందు పెట్టుకుని చూస్తే, దేశంలో ఇంటర్నెట్ సేవలు అందించే చిన్న కంపెనీలను పాతికేళ్ల విధానాలు ఎక్కడికి తెచ్చాయో స్పష్టంగా కనిపిస్తుంది. వాళ్లు బతకాలని కోరుకుంటున్నవాడిగా ఈ కథనం రాస్తున్నాను.

రూపాయి నుంచి ఎనిమిది శాతానికి

మన దేశంలో సామాన్యులకు ఇంటర్నెట్ వచ్చింది 1995 ఆగస్టు 15న, విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా. మూడేళ్లు అంతా ఆ ఒక్క సంస్థ చేతిలోనే నడిచింది. 1998 నవంబరులో కేంద్రం తలుపు తీసింది. ఎవరైనా లైసెన్సు తీసుకోవచ్చు, దేశమంతటికీ ‘ఎ’ కేటగిరీ, ఒక టెలికాం సర్కిల్‌కు ‘బి’, చిన్న ప్రాంతానికి ‘సి’. మొదటి ఐదేళ్లు లైసెన్సు ఫీజు లేదు, ఆ తరువాత ఏడాదికి ఒక్క రూపాయి. ఆ రూపాయిలో ఒక ఉద్దేశం ఉంది. ఇంటర్నెట్ విస్తరించాలి, దాని మీద ఇప్పుడే ఆదాయం చూసుకోవద్దు అన్న ఉద్దేశం.

2013కల్లా ఆ రూపాయి ఆదాయంలో 8 శాతం అయింది. ఇప్పటికీ ‘సి’ కేటగిరీలో అడుగు పెట్టడం సులువే, ప్రవేశ రుసుం 20 వేల రూపాయలు. ‘బి’కి 2 లక్షలు, ‘ఎ’కి 30 లక్షలు. దేశంలో వెయ్యికి పైగా లైసెన్సులు ఉండటానికి ఇదే కారణం. లోపలికి వచ్చాక నిలబడటంలోనే కష్టమంతా ఉంది.

నెలకు 500 రూపాయల ప్లాను తీసుకున్న ఒక దుకాణాన్ని చూద్దాం. దాని మీద 18 శాతం జీఎస్టీ, అంటే 90 రూపాయలు, దుకాణదారు అదనంగా కడతాడు. ఆ 500లో సుమారు 40 రూపాయలు లైసెన్సు ఫీజు. ఆ 8 శాతంలో 5 శాతం డిజిటల్ భారత్ నిధికి చేరుతుంది. పాత సార్వత్రిక సేవా నిధికి 2023 టెలికాం చట్టం పెట్టిన కొత్త పేరు అది. పైనుంచి బ్యాండ్‌విడ్త్ కొన్నందుకు మరో కంపెనీకి కట్టాలి, వీధిలో తీగ లాగి బిల్లు వసూలు చేసే స్థానిక కేబుల్ ఆపరేటరుకు వాటా ఇవ్వాలి, స్తంభాల అద్దె, గది అద్దె, కరెంటు, ఇన్వర్టరు బ్యాటరీలు, తెగిన చోట అతికే మనిషి కూలి అన్నీ అందులోంచే. వేల కోట్ల పెట్టుబడితో దిగిన పెద్ద కంపెనీ ఓటీటీ చందాలు ఉచితంగా జోడించి ఇంచుమించు ఇదే ధరకు ఇస్తుంటే, చిన్నవాడు ధర పెంచలేడు.

2021 ఆగస్టు 31న టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఒక మంచి మాట చెప్పింది. తీగ మీది బ్రాడ్‌బ్యాండ్ ఆదాయానికి కనీసం ఐదేళ్లు లైసెన్సు ఫీజు మినహాయించమని సిఫారసు చేసింది. ఆ సిఫారసు అమలయి ఉంటే పండరీ లాంటి ప్రతి పేటలోనూ చిన్న కంపెనీకి ఊపిరి ఆడేది. 2024 చివర్లో దేశంలో బ్రాడ్‌బ్యాండ్ చందాదారులు 94 కోట్ల పైచిలుకు ఉంటే, అందులో తీగ మీద ఉన్నవారు 4 కోట్లకు కాస్త ఎక్కువ. మిగతా అంతా మొబైల్ సిగ్నలే. పిల్లల పాఠాలు, దుకాణం లెక్కలు, ఆసుపత్రి స్కాన్‌లు నమ్మకంగా సాగాలంటే కావాల్సింది తీగ. ఆ తీగ మీద ఇంత భారం ఎందుకు?

గల్లీలో సాంకేతికత

కేబుల్ టీవీ రోజుల్లో రాగి కోయాక్సియల్ తీగ ఉండేది. తరువాత వీధి మలుపుకో స్విచ్ డబ్బా పెట్టి, అక్కడి నుంచి లాన్ తీగ లాగేవారు. వాన పడితే స్విచ్ కాలిపోయేది, కరెంటు పోతే వీధంతా ఆగేది. ఇప్పుడు వచ్చినది జీపాన్. ఆపరేటరు గదిలో ఓఎల్‌టీ అనే యంత్రం. దాని ఒక్క పోర్టు నుంచి బయలుదేరిన ఒక్క ఫైబర్, స్తంభం మీద స్ప్లిటర్ అనే చిన్న డబ్బాలో 32గా, 64గా చీలి ఇళ్లకు వెళుతుంది. మధ్యలో ఎక్కడా కరెంటు అక్కర్లేదు. 20 కిలోమీటర్ల దాకా పనిచేస్తుంది. పోర్టు మొత్తానికి దిగువకు సెకనుకు 2.5 గిగాబిట్లు, ఎగువకు అందులో సగం. ఒకప్పుడు పెద్ద టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీకి మాత్రమే సాధ్యమైన పని ఇప్పుడు ఒక అద్దె గదిలో జరుగుతోంది. చిన్న కంపెనీలకు ఇంత మేలు చేసిన యంత్రం మరొకటి లేదు.

యంత్రం చిన్నదయినంత తేలికగా నిబంధనలు చిన్నవి కాలేదు. పాత పద్ధతి ఇంటర్నెట్ చిరునామాలు అయిపోయాయి, ఆసియా పసిఫిక్ ప్రాంతంలో 2011 ఏప్రిల్‌లోనే చివరి నిల్వకు చేరాం. కాబట్టి ఒక్క చిరునామాను చాలామంది చందాదారులకు పంచాలి. ఏ నిమిషంలో ఏ చిరునామా వెనుక ఎవరున్నారో రాసి పెట్టాలి. 2021 డిసెంబరు సవరణతో ఆ రికార్డులు కనీసం రెండేళ్లు దాచాలి. 2022 ఏప్రిల్‌లో కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశం ప్రకారం సిస్టమ్ లాగ్‌లు 180 రోజులు ఉంచాలి. సైబర్ నేరాల్లో డబ్బు పోగొట్టుకున్నవాళ్లకు ఈ రికార్డులే ఆధారం, కాబట్టి వాటి అవసరాన్ని నేను కాదనను. పది లక్షల చందాదారులున్న కంపెనీకీ, రెండు వేలమంది ఉన్న కంపెనీకీ అదే సర్వర్ ఖర్చు, అదే తనిఖీ, అదే జరిమానా అంటే మాత్రం చిన్నవాణ్ని బయటికి నెట్టడమే అవుతుంది. దీనికి మందు కొత్త పద్ధతి చిరునామాలకు, అంటే ఐపీవీ6కు, పూర్తిగా మారడం. అది వస్తే పంచుకోవాల్సిన అవసరం పోతుంది, లాగ్‌ల బరువు దిగుతుంది. మొబైల్ కంపెనీలు ఈ విషయంలో చాలా ముందున్నాయి. వీధి ఆపరేటరు కొన్న పాత రౌటర్లలోనే అది ఆగి ఉంది.

లేని సరిహద్దు

ఛత్తీస్‌గఢ్ 2000 నవంబరు 1న పుట్టింది. టెలికాం లైసెన్సుల పటం మీద అది ఇప్పటికీ మధ్యప్రదేశ్. స్పెక్ట్రం వేలం, ‘బి’ కేటగిరీ లైసెన్సు, ట్రాయ్ గణాంకాలు అన్నీ మధ్యప్రదేశ్ సర్కిల్ కిందే. తెలుగు పాఠకులకు ఇది కొత్త కాదు. 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడినా లైసెన్సు సర్కిల్ ఆంధ్రప్రదేశ్ ఒక్కటే. బీఎస్ఎన్ఎల్‌కు మాత్రం రాయపూర్‌లో ఛత్తీస్‌గఢ్ సర్కిల్, హైదరాబాద్‌లో తెలంగాణ సర్కిల్ విడిగా ఉన్నాయి.

కాగితం మీది గీతే కదా అని వదిలేయడానికి లేదు. ఇందోర్, భోపాల్ అంకెలతో కలిసిన లెక్కలో రాయపూర్ వెనుకబాటు కనిపించదు, బస్తర్ అసలే కనిపించదు. హైదరాబాద్ అంకెల్లో శ్రీకాకుళం మన్యం కలిసిపోయినట్టే ఇది. ఏ జిల్లాలో ఎంతమందికి తీగ ఉందో తెలియకుండా ఏ నిధి ఎక్కడ ఖర్చు పెట్టాలో ఎలా తేలుతుంది? లైసెన్సు సర్కిళ్లు మార్చడం కష్టమని ఒప్పుకుంటాను, వాటి మీద వేల కోట్ల స్పెక్ట్రం ఒప్పందాలు ఉన్నాయి. కానీ అంకెలు జిల్లావారీగా ప్రచురించడానికి ఎవరి ఒప్పందమూ అడ్డు రాదు.

పండరీ కట్టే ఆ 5 శాతం ఎక్కడికి వెళుతోందన్న ప్రశ్న కూడా ఇక్కడే వస్తుంది. 2011 అక్టోబరులో జాతీయ ఆప్టికల్ ఫైబర్ నెట్‌వర్క్‌గా మొదలై తరువాత భారత్‌నెట్ అయిన పథకానికి ఈ నిధే మూలం. రెండో దశలో ఛత్తీస్‌గఢ్‌లో 85 బ్లాకుల్లోని 5,987 గ్రామ పంచాయతీలకు ఫైబర్ లాగే పనిని రాష్ట్ర సంస్థ చిప్స్ చేపట్టింది. బస్తర్ కోసం విడిగా బస్తర్‌నెట్ వచ్చింది. 2018 ఏప్రిల్ 14న బీజాపుర్ జిల్లా జాంగలాలో ప్రధాని దాని మొదటి దశను ప్రారంభించారు. రింగ్ ఆకారంలో వేయడం అందులోని తెలివి. ఒక వైపు తెగితే రెండో వైపు నుంచి సిగ్నల్ వస్తుంది. అడవి దారుల్లో అది చాలా పెద్ద మాట.

అయితే పంచాయతీ ఆఫీసు గోడ దాకా ఫైబర్ రావడం వేరు, ఇంట్లో నెట్ వెలగడం వేరు. డబ్బా పెట్టి వెళ్లిపోయాక కరెంటు లేక, తెగిన తీగ అతికేవాడు లేక మూలపడిన చోట్లు దేశమంతటా ఉన్నాయి. 2023 ఆగస్టులో 1,39,579 కోట్ల రూపాయలతో ఆమోదించిన సవరించిన భారత్‌నెట్ ఈ పాఠం కొంత నేర్చుకుంది. ఊళ్లోని యువకుణ్ని ‘భారత్‌నెట్ ఉద్యమి’గా తీసుకుని, ఇంటింటికీ కనెక్షన్ ఇచ్చి మరమ్మతు చూసే పని, ఆదాయంలో వాటా అతనికి అప్పగిస్తోంది. పండరీలో కేబుల్ కుర్రాడు ఏళ్లుగా చేస్తున్న పని ఇదే. దాన్ని ప్రభుత్వం ఇప్పుడు విధానంగా గుర్తించడం సంతోషం.

స్తంభం ఎవరిది

2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి శోభాయాత్ర రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. ఆ వెంటనే విద్యుత్ సిబ్బంది నగరంలో స్తంభాల మీది కేబుల్ తీగలు కత్తిరించడం మొదలుపెట్టారు. వేలాది ఇళ్లలో, ఆఫీసుల్లో నెట్ ఆగింది. వివాదం హైకోర్టుకు చేరింది. ప్రాణాలు పోయిన చోట తీగల గుట్టను వెనకేసుకు రావడం ఎవరికీ తగదు. తెగి వేలాడే పాత కేబుళ్లు, ఎవరివో తెలియని చుట్టలు మన నగరాలన్నిటిలో స్తంభాలను బరువెక్కించాయి. కానీ కత్తెర పట్టుకుని వెళ్లినవాడికి ఏది చచ్చిన తీగో, ఏది ఆసుపత్రికి వెళ్లే తీగో తెలిసే ఏర్పాటు ఎక్కడా లేదు. ఆ ఏర్పాటు చేయకపోవడం అసలు తప్పు.

చట్టంలో దారి ఉంది. తీగ లాగే దారి హక్కు నిబంధనలకు 2022 ఆగస్టులో చేసిన సవరణ వీధి స్తంభం మీద కేబుల్ లాగేందుకు ఏడాదికి స్తంభానికి 100 రూపాయలని నిర్ణయించింది. 2023 టెలికాం చట్టం కింద వచ్చిన దారి హక్కు నిబంధనలు 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చాయి. దరఖాస్తుకు గడువులోగా జవాబివ్వకపోతే అనుమతి ఇచ్చినట్టే. విద్యుత్ పంపిణీ సంస్థలు, మున్సిపాలిటీలు వీటిని ఎంతవరకు పాటిస్తాయన్నది ఒక్కో రాష్ట్రంలో ఒక్కో తీరు. బ్రిటన్‌లో ఓపెన్‌రీచ్ తన గొట్టాలనూ స్తంభాలనూ నియంత్రణ సంస్థ నిర్ణయించిన ధరకు పోటీ కంపెనీలకు ఇచ్చి తీరాలి. అందువల్లే అక్కడ ఊరికో చిన్న ఫైబర్ కంపెనీ పుట్టుకొచ్చింది. రాయపూర్‌లోనూ, హైదరాబాద్‌లోనూ ప్రతి తీగకూ రంగు పట్టీ, పేరు పలక, ప్రతి స్తంభానికీ నంబరు ఉంటే ప్రమాదమూ తగ్గుతుంది, అద్దె లెక్కా తేలుతుంది. తవ్వకాల్లో తెగే కేబుళ్ల నష్టం ఏటా 3,000 కోట్ల రూపాయలని ప్రభుత్వమే చెప్పింది. 2023 మార్చిలో ‘కాల్ బిఫోర్ యు డిగ్’ యాప్ తెచ్చింది అందుకే. జేసీబీ నడిపేవాడి ఫోనులోకి అది ఎక్కేదాకా ఫలితం రాదు.

స్తంభాలను ప్రభుత్వమే వాడుకుంటే ఏమవుతుందో ఆంధ్రప్రదేశ్ చూపించింది. 2015లో పుట్టిన ఏపీ ఫైబర్‌నెట్ కరెంటు స్తంభాల మీదుగా దాదాపు 24 వేల కిలోమీటర్ల ఫైబర్ లాగింది. భూమిలో పాతితే అయ్యే ఖర్చులో చిన్న భాగంతో పని అయింది. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దాన్ని ప్రారంభించారు. నెలకు 149 రూపాయలకు ఇంటర్నెట్, టీవీ, ఫోను. పల్లె ఇంటికి ఇంత చవకగా తీగ వేసిన రాష్ట్రం అప్పటికి మరొకటి లేదు. ఇంటింటికీ కనెక్షన్ ఇచ్చింది కేబుల్ ఆపరేటర్లే. ఆ తరువాత టెండర్ల మీద కేసులు, ప్రభుత్వం మారినప్పుడల్లా కొత్త లెక్కలు, సేవల మీద ఫిర్యాదులు. ఆలోచనలో లోపం లేదు. రాష్ట్రం వెన్నెముక లాంటి ఫైబర్ వేసి, అందరికీ ఒకే ధరకు తెరిచి, చిల్లర సేవను పోటీకి వదిలి ఉంటే, రాజకీయాల గాలి మారినా ఇళ్లలో నెట్ నిలిచేదని నా నమ్మకం.

రాయపూర్ సముద్రం ఏది

1930ల మొదట్లో విజయనగరం నుంచి పార్వతీపురం, టిట్లాగఢ్ మీదుగా రాయపూర్‌కు రైలు మార్గం పూర్తయింది. 1933లో విశాఖ రేవు తెరుచుకుంది. మధ్య భారతపు సరుకుకు దగ్గరి సముద్రం విశాఖ అని అప్పటి వాళ్లు గుర్తించి ఆ లైను వేశారు. ఇంటర్నెట్ మాత్రం ఆ భూగోళాన్ని మర్చిపోయింది. సముద్రం అడుగున వచ్చే కేబుళ్లు ముంబై, చెన్నై, కొచ్చి, తూత్తుకుడి, తిరువనంతపురం దగ్గర తేలుతాయి. రాయపూర్ ఆపరేటరు కొనే బ్యాండ్‌విడ్త్ దూరపు నగరం నుంచి చేతులు మారి వస్తుంది. ఆయకట్టు చివరి పొలానికి నీళ్లు వచ్చినట్టు, ఆలస్యంగా, ఎక్కువ ధరకు, ఎగువన ఎక్కడ గండి పడినా ముందు ఆగిపోయేదిగా.

ఒక ఊరట ఏమిటంటే, వీడియోలో ఎక్కువ భాగం ఇప్పుడు సముద్రం దాటి రావడం లేదు. గూగుల్, నెట్‌ఫ్లిక్స్, మెటా తమ కాష్ సర్వర్లను పెద్ద ఇంటర్నెట్ కంపెనీల గదుల్లోనే ఉంచుతాయి. ట్రాఫిక్ తక్కువ ఉన్న చిన్న కంపెనీకి మాత్రం ఆ సర్వర్ దొరకదు, పైవాడి దగ్గర కొనుక్కోవాలి. నగరంలోని కంపెనీలన్నీ ఒకచోట కలిసి ట్రాఫిక్ మార్చుకునే ఎక్స్‌ఛేంజీ రాయపూర్‌లో బలంగా ఉంటే, పండరీ నుంచి అదే నగరంలోని శంకర్‌నగర్‌కు వెళ్లే డేటా ముంబై దాకా తిరిగి రావాల్సిన పని ఉండదు. 2003లో ఇలాంటి ఎక్స్‌ఛేంజీలు నడిపే నిక్సీ సంస్థను పెట్టిన ఉద్దేశమే అది.

ఇదే చోట పెద్ద టెలికాం కంపెనీలు ఇంకో డిమాండు పెడుతున్నాయి. ట్రాఫిక్ ఎక్కువ పంపే ఓటీటీలు తమ నెట్‌వర్క్‌కు డబ్బు కట్టాలని. దక్షిణ కొరియా 2016లో ఆ దారి పట్టింది. నెట్‌ఫ్లిక్స్‌తో ఎస్కే బ్రాడ్‌బ్యాండ్ ఏళ్ల తరబడి కోర్టుల్లో తగవులాడి 2023 సెప్టెంబరులో రాజీపడింది. ట్విచ్ ఖర్చు భరించలేక 2024 ఫిబ్రవరిలో ఆ దేశం వదిలి వెళ్లింది. మన దగ్గర ఆ పద్ధతి వస్తే డబ్బు పెద్ద మూడు కంపెనీలకు చేరుతుంది, పండరీ ఆపరేటరుకు ఒక్క పైసా రాదు. 2016 ఫిబ్రవరి 8న వివక్షా ధరలను నిషేధించి ట్రాయ్ నిలబెట్టిన సమానత్వాన్ని ఇలా దొడ్డిదారిన వదులుకోవడానికి నేను ఒప్పుకోను.

కొత్త పోటీ ఆకాశం నుంచి కూడా వస్తోంది. 2023లో జియో, ఎయిర్‌టెల్ మొదలుపెట్టిన ఎయిర్‌ఫైబర్ 5జీ సిగ్నల్‌తో ఇంటికి బ్రాడ్‌బ్యాండ్ ఇస్తుంది, స్తంభమూ అక్కర్లేదు, దారి హక్కూ అక్కర్లేదు. స్టార్‌లింక్‌కు 2025 జూన్‌లో లైసెన్సు వచ్చింది. బస్తర్‌లోని అబూజ్‌మడ్ కొండల పాఠశాలకు ఉపగ్రహం నిజంగా వరమవుతుంది. పండరీ ఇరుకు వరుసల్లో, ఒకే టవరు మీద వందల దుకాణాలు ఒకేసారి బిల్లులు తీసే దీపావళి వారంలో, పని నడిపేది ఫైబరే.

ఈ పటం మీద కొత్త చుక్క విశాఖ. 2025 అక్టోబరు 14న గూగుల్ అక్కడ ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్ల డేటా సెంటర్ ప్రణాళికను ప్రకటించింది, సముద్ర కేబుళ్ల తీరం కూడా అందులో ఉంది. అటు నవ రాయపూర్‌లోనూ ఏఐ డేటా సెంటర్‌కు 2025 మేలో శంకుస్థాపన జరిగింది. ఈ రెంటి మధ్య దారులు ఇప్పటికే ఉన్నాయి. పాత రైలు పట్టాలు ఒకటి. పట్టాల వెంట ఫైబర్ వేసే రైల్‌టెల్‌కు దేశంలో 60 వేల కిలోమీటర్లకు పైగా ఉంది. గూగుల్‌తో కలిసి స్టేషన్లలో ఉచిత వైఫై ఇచ్చినప్పుడు 2016 ఏప్రిల్‌లో ఒకే విడతలో విశాఖ, విజయవాడ, కాచిగూడతో పాటు రాయపూర్ కూడా వెలిగింది. రెండోది రాయపూర్ దగ్గరి అభన్‌పుర్ నుంచి విశాఖ దగ్గరి సబ్బవరం దాకా వేస్తున్న 464 కిలోమీటర్ల ఆరు వరుసల రహదారి. హైదరాబాద్–బెంగళూరు దారిలోనూ, ఢిల్లీ–ముంబై ఎక్స్‌ప్రెస్‌వే మీదా జాతీయ రహదారుల సంస్థ ఫైబర్ కారిడార్లను ప్రయోగంగా చేపట్టింది. రాయపూర్–విశాఖ దారి మీద కూడా ఖాళీ గొట్టాలు వేసి, పెద్దా చిన్నా తేడా లేకుండా ఏ కంపెనీకైనా ఒకే అద్దెకు ఇస్తామని రహదారుల శాఖ, టెలికాం శాఖ కలిసి ప్రకటించాలి. రాయపూర్‌లోని ‘సి’ కేటగిరీ కంపెనీ నలుగురితో కలిసి ఒక జత ఫైబర్ అద్దెకు తీసుకుని, విశాఖ తీరంలో నేరుగా బ్యాండ్‌విడ్త్ కొనగలిగే ధర అందులో ఉండాలి.